గాజుల సుల్తానాబీ సంతకం

కొల్లాపూర్ దాటి కృష్ణ వైపు వెళ్లే దారిలో, మామిడి తోటలు అయిపోయాక వచ్చే ఆ చిన్న ఊళ్లో, గాజుల సుల్తానాబీకి రాని పని లేదని పేరు. భుజాన గాజుల మలారం వేసుకుని వాకిట్లో కూర్చుందంటే, ఏ చేతికి ఏ కొలత పడుతుందో చూపుతోనే చెప్పేది. మెత్తటి చెయ్యి, మొండి చెయ్యి, కలుపులు తీసి తీసి కణుపులు లావెక్కిన చెయ్యి, ఏదైనా సరే ఒక్క గాజు చిట్లకుండా దాటించేది. అత్తాకోడళ్ల పంచాయితీలు, పొదుపు సంఘం తగాదాలు, అన్నీ ఆమె ముందుకే వచ్చేవి. వీటన్నిటికీ తోడు ఆమెకు చదువు కూడా వచ్చని ఊరంతా అనుకునేది. ఆమె అనుకోనిచ్చింది.

నాలుగు అక్షరం ముక్కలు వచ్చినవాళ్లు అంటారు చూడండి, సుల్తానాబీకి లెక్కగా నాలుగే వచ్చు. సు, ల్తా, నా, బీ. సంఘం పెట్టించిన కొత్తలో ఒక మేడమ్ వచ్చి, వేలిముద్రలు పనికిరావని పట్టుబట్టి, పది రోజులు కూర్చోబెట్టి ఆడవాళ్లందరికీ పేర్లు రాయడం నేర్పి పోయింది. మిగతావాళ్లు నెల తిరక్కుండా మరిచిపోయి మళ్లీ బొటనవేలికి సిరా పూసుకున్నారు. సుల్తానాబీ మరవలేదు. సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో, బూడిదలో పుల్లతో, చివరికి రొట్టె పిండి మీద వేలితో కూడా రాసి రాసి ఆ నాలుగింటినీ వశం చేసుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

ఎవరైనా కాగితం ముందు పెడితే వెంటనే సంతకం చేసేది కాదు. కొంగు సర్దుకుని, కాగితం చేతిలోకి తీసుకుని, పై వరుస నుంచి కింది వరుస దాకా మెల్లగా చూపు దించేది. మధ్యలో ఒకచోట ఆగి కనుబొమలు ముడిచేది. అక్కడ ఏం రాసి ఉందో ఆ అల్లాకే తెలియాలి. ఆ తర్వాత "ఊఁ, మంచిదే" అని సంతకం పెట్టేది. ఈ ఆగడం, ఈ ముడవడం ఆమె బ్యాంకులో ఒక గుమాస్తాను చూసి నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, రెండు వేల మూడులో ఊరి బడికి విద్యా కమిటీ వేయాల్సి వచ్చినప్పుడు, పిల్లల తల్లిదండ్రుల్లో చదువొచ్చినామె ఈమే కదా అని చైర్మన్ని చేసేశారు. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆమెకు చాలా సంతోషమైంది కూడా.

ఇంట్లో ఇంకో నాటకం. కూతురు యాస్మిన్ ఏడో తరగతి. సాయంత్రం రొట్టెలు చేస్తూ, "నాకు కండ్లు మంటలు పెడుతున్నయి, నువ్వు చదువు బేటీ, నేను తప్పులు పట్టుకుంట" అనేది. యాస్మిన్ చదివేది. మధ్యమధ్య తల్లి, "ఆగాగు, అక్కడ తప్పు పోయినవ్, మళ్ల చదువు" అనేది. ఆ పిల్ల భయపడి ఆ వాక్యాన్ని మరింత జాగ్రత్తగా చదివేది. తన తల్లికి రాని పాఠం లేదని యాస్మిన్ గట్టి నమ్మకం.

ఆ ఏడు బడికి ఒక పెట్టె నిండా కథల పుస్తకాలు వచ్చాయి. పలచటివి, బొమ్మలున్నవి, నూట యాభై దాకా ఉంటాయి. పిల్లలు వాటి మీద పడ్డారు. యాస్మిన్ రోజుకొకటి తెచ్చేది. చివరగా తెచ్చింది ఏటి గట్టున పడవ నడుపుకునే ఒక ముసలావిడ కథ. వరదకు పడవ కొట్టుకుపోతే, దాన్ని వెతుక్కుంటూ ఆమె ఏటి వెంట నడుస్తూ ఉంటుంది. సగం అయింది. తప్పులు పట్టాల్సిన సుల్తానాబీ తప్పులు పట్టడం మరిచిపోయి, రొట్టె మాడుతున్నా చూడకుండా వింది. బడి పుస్తకం సాయంత్రం ఇచ్చి పొద్దున తీసుకునే పద్ధతి కాబట్టి, మిగతా సగం మర్నాడు చదవాలని ఇద్దరూ అనుకున్నారు.

ఆ మర్నాడే మేకలు అడ్డం వచ్చాయి. మేకలు శాంతయ్యవి. అతనూ కమిటీలో సభ్యుడే. అతని కొడుకు చేను గట్టున కూర్చుని కథల పుస్తకంలో తల పెట్టేసరికి, మేకలు పక్కనున్న పల్లికాయ చేన్లో పడి మేసిపోయాయి. చేను యజమాని వచ్చి నానా మాటలూ అన్నాడు. శాంతయ్య నేరుగా బడికి వచ్చి ఎగిరిపడ్డాడు. హెడ్మాస్టర్ తిరుపతయ్య సార్ అసలే ఆ పుస్తకాలతో విసిగి ఉన్నాడు. రెండు పోయాయి, మూడు చిరిగాయి, ఒకదాని మీద ఎవరి తమ్ముడో ఒంటికి పోశాడు. పైనుంచి ఎవరైనా వచ్చి లెక్క అడిగితే మెడకు చుట్టుకునేది తనకే. మేకల తప్పు ఆయనకు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. ఆ మధ్యాహ్నమే కమిటీని పిలిచాడు.

సుల్తానాబీ వచ్చేటప్పటికే ఆలస్యం. పెళ్లివారింట్లో ఇరవై చేతులు గాజుల కోసం ఎదురుచూస్తున్నాయి. సార్ ఏదో చెప్పాడు, శాంతయ్య మేకల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, రిజిస్టర్ ముందుకొచ్చింది. మేకలు కాసే పిల్లలు గట్టు మీద పుస్తకం తీయొద్దని రాసి ఉంటాడులే అనుకుంది సుల్తానాబీ. అలవాటు ప్రకారం చూపు దించింది, మధ్యలో ఆగింది, కనుబొమలు ముడిచింది, "మంచిదే" అంది, సంతకం పెట్టింది. మిగతా ముగ్గురూ కింద వేలిముద్రలు వేశారు.

సాయంత్రం యాస్మిన్ ఉత్త చేతులతో వచ్చింది.

"అమ్మీ, సార్ పుస్తకం ఇస్తలేడు."

"ఎందుకియ్యడంట?"

"నీతికథల పుస్తకాలు పదకొండు ఉన్నయంట. అవి తప్ప ఇంకేం ఇయ్యొద్దని కన్నోళ్లే కోరిన్రని కమిటీ రాసిచ్చిందంట. అన్ని బీరువల పెట్టి తాళమేసిండు. నేనడిగితే, సంతకం పెట్టింది మీ అమ్మీనే, పోయి ఆమెను అడుగుపో అన్నడు."

సుల్తానాబీ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. యాస్మిన్ ఇంకా నమ్మలేనట్టుగా చూస్తోంది.

"నువ్వు చదివే పెట్టినవా అమ్మీ?"

ఇక్కడ ఒక్క మాట చాలు. నాకు చదువు రాదు బేటీ అంటే అయిపోయేది. కానీ ఏడేళ్లుగా కట్టుకున్న గోడ ఒక్క పిల్ల అడిగిందని కూలగొట్టుకుంటారా ఎవరైనా?

"చదవకుండ పెడ్తనా? మీ మంచికే పెట్టిన."

ఇంతకంటే తెలివితక్కువ మాట ఆ నోటి నుంచి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. యాస్మిన్ ఏడవలేదు, అరవలేదు. తల్లి వైపు ఒకసారి చూసి బయటికి పోయి కూర్చుంది.  మర్నాడు సాయంత్రం "ఏమన్న చదువు బేటీ" అంటే, ఆ పిల్ల సాంఘికశాస్త్రం తీసి, నదులు, వాటి ఉపనదులు వరసపెట్టి గడగడా చదివి మూసేసింది. "తప్పులున్నయా?" అని అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టయి సుల్తానాబీ రొట్టె తిప్పుకుంటూ కూర్చుంది. ఆ ముసలావిడకు పడవ దొరికిందో లేదో కూడా తెలియకుండా పోయిందే అని ఒకవైపు, తన సంతకంతో తన కథకే తాళం పడిందని ఇంకోవైపు, ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది.

మూడో రోజు బడికి పోయింది.

"సార్, ఆ కాగితం కొట్టేయండి. పిల్లలకు పుస్తకాలియ్యండి."

తిరుపతయ్య సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తీర్మానం అంటే గాజు కాదు సుల్తానమ్మా, పగలగొట్టి ఇంకోటి తొడగడానికి. మళ్లా కమిటీ కూర్చోవాలి. అందరూ ఒప్పుకోవాలి. ఎందుకు మార్చారో కారణం రాయాలి. మొన్ననే చదువుకుని పెట్టారు, వారం కాకముందే వద్దంటే మండలం వాళ్లు నన్ను చూసి నవ్విపోతారు."

"అందరు ఒప్పుకుంటే కూసుంటవా?"

"శనివారం భోజనాలయ్యాక కూర్చుందాం. ముందు ఒప్పించి రండి."

ఒప్పించడం సుల్తానాబీకి ఒక లెక్కా? గాజులు వేయించుకుంటున్న మనిషికి మధ్యలో లేచిపోవడం కుదరదు. చెయ్యి ఆమె చేతిలో ఉంటుంది. నాలుగు గాజులు ఎక్కేలోపు ఎవరి చేతనైనా సరే అనిపించగలదు. ముందుగా కమిటీలోనే ఉన్న కిష్టమ్మ ఇంటికి పోయింది. కిష్టమ్మ కూతురు నిరోష, యాస్మిన్ ఒకే తరగతి. పిలవకుండానే చెయ్యి పట్టుకుని, సబ్బు నురగ రాసి, ఆకుపచ్చ గాజు ఎక్కిస్తూ మొదలుపెట్టింది.

"ఏమే కిష్టమ్మా, పిల్లలకు కథల పుస్తకాలు వద్దని ఎందుకన్నరే మీరంత?"

"నేనెప్పుడన్న వదినా? మా నిరోష చదువుతుంటే నేను పొయ్యి కాడ కూసోని వింటుంటి. జర పొద్దుపోతుండె."

"మరి వేలెందుకేసినవ్?"

"ఏందే గట్ల అడుగుతవ్? నువ్వు చదివి సంతకం పెడితివి. సుల్తానొదిన చదివిందంటే మంచిదే ఉంటదని ఏసిన. నాకేం తెలుసు అండ్ల ఏమున్నదో?"

గాజు చిట్లింది. పాతికేళ్ల పనిలో అలా చిట్లిన గాజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "అబ్బ, గట్ల నొక్కుతవేంది!" అని కిష్టమ్మ చెయ్యి లాక్కుంది. సుల్తానాబీ పెంకులు ఏరుకుని, ఊరకనే ఇంకో గాజు వేసి లేచింది.

ఇంకో సభ్యురాలు భీమమ్మ దగ్గర ఇంకా అన్యాయం. ఆమె చెయ్యి పట్టుకుని అడిగితే, "నువ్వు మధ్యల ఆగి కనుబొమ్మలు ముడిస్తివి గద అక్కా, ఏందో మంచి సంగతే పట్టినవనుకున్న" అంది. శాంతయ్యకు గాజులు తొడగడం కుదరదు కాబట్టి దొడ్డి దగ్గరే నిలబెట్టి అడిగింది. అతను మేక చెవి పట్టుకుని ఆశ్చర్యపోయాడు.

"నా పిలగాన్ని నేను రెండు తన్నుకున్న, నా కోపం పోయింది. ఊరి పుస్తకాలకు తాళమెయ్యమని నేనెందుకంట? మీరు చదువొచ్చినోళ్లు, సారు, నువ్వు కలిసి ఏదో రాసుకున్నరనుకున్న."

ఎండలో ఇంటికి నడుస్తుంటే సుల్తానాబీకి సంగతి మొత్తం తెలిసివచ్చింది. వద్దన్నవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. కన్నవాళ్ల కోరిక అని రిజిస్టర్లో రాసి ఉంది, ఆ కోరిక ఏ కన్నవాళ్లకూ లేదు. పిల్లలందరి పుస్తకాల మీద పడ్డ ఆ తాళం తన కనుబొమల మీద వేలాడుతోంది. ఎవరినైనా తిడదామంటే తన పేరు తప్ప ఇంకో పేరు దొరకలేదు.

మొగుడు అజీజ్ మామిడి లారీల మీద పోయి వస్తుంటాడు. ఆ ఇంట్లో ఆమె గుట్టు తెలిసినవాడు అతనొక్కడే. శుక్రవారం అన్నం తింటూ అంతా విని, "చెప్పేయ్, ఏమైతది?" అన్నాడు. "ముప్పయ్యేండ్ల సంది నేను వేలేస్తున్న. నా వేలేమన్న అరిగిందా?"

"నువ్వు చైర్మన్‌వా? నీ బిడ్డ నిన్ను చదువొచ్చినోడనుకుంటుందా? తిను ముందు," అని అతని మీద కసిరింది.  అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆమె పక్కింటి కోడళ్లకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మాట ఇప్పుడు తనకు ఎవరూ చెప్పకపోయినా తల నిండా అదే తిరిగింది.

శనివారం పిల్లల భోజనాలయ్యాక ఏడో తరగతి గదిలో కూర్చున్నారు. ముగ్గురు సభ్యులూ వచ్చారు. కిటికీల నిండా పిల్లల మొహాలు. సార్ యాస్మిన్‌ను పిలిచి రిజిస్టర్ తెమ్మన్నాడు. తెచ్చాక ఆ పిల్ల బల్ల పక్కనే నిలబడింది. తల్లి వైపు చూడలేదు.

"పుస్తకాలన్నీ ఇవ్వమంటారు, అందరికీ ఇష్టమే కదా?" అన్నాడు సార్. అందరూ ఇష్టమే అన్నారు. "సరే. మరి కారణం? ఆ రోజు చైర్మన్ గారు మొత్తం చదువుకునే సంతకం పెట్టారు. ఇప్పుడెందుకు మార్చారంటే ఏం రాయాలి?"

 సార్ కలం పట్టుకుని, దయతలచినట్టుగా, "పోనీ, చైర్మన్ గారు మళ్లీ ఆలోచించుకుని మనసు మార్చుకున్నారు అని రాసేదా?" అన్నాడు.

దారి దొరికింది. ఊఁ అంటే పరువు నిలుస్తుంది, పుస్తకాలూ వస్తాయి. సుల్తానాబీ నోటి దాకా ఊఁ వచ్చింది. అప్పుడే యాస్మిన్ తలెత్తింది. తల్లి చదివి, తెలిసి, తన పుస్తకానికి తాళం వేయించిందని ఆ పిల్ల ఇక జన్మంతా అనుకుంటుంది. మనసు మార్చుకుంది అన్నా ముందు వేసింది వేసినట్టే కదా. అది మాత్రం సుల్తానాబీ వల్ల కాలేదు.

"నేను చదవలేదు సార్."

"తొందరలో ఉన్నారు, నిజమే..."

"తొందర కాదు. నాకు చదువ రాదు. నా పేరు తప్ప ఒక్క ముక్క రాదు."

 భీమమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "మరి సంఘం కాగితాలు చదివి చెప్తుంటివి గద అక్కా?"

"అవి గూడ నోటికొచ్చినయే చెప్పిన."

"ఓయమ్మో!"

"ఓయమ్మో ఏందే? ఏ కాగితం ఎందుకొచ్చిందో బ్యాంకుల అడిగి తెలుసుకొని చెప్పిన. ఒక్కటి తప్పు చెప్పిన్నా?" అని భీమమ్మ మీద విరుచుకుపడి, అదే ఊపులో సార్ వైపు తిరిగింది. "మీకు తెల్వదా సార్? నిజం చెప్పండి. కమిటీ ఏసినప్పటి నుంచి నా ముందర కాగితం పెడుతున్నరు. నేను చదువుతున్నట్టు అనిపించిందా మీకు?"

తిరుపతయ్య సార్ కిటికీలోంచి బయటికి చూశాడు. "అనుమానం ఉండేది," అన్నాడు.

"అనుమానమున్నోనివి ఒక్కసారి చదివి వినిపియ్యకపోతివా? మాకు రాకపోవుడు నీకు అక్కరకొచ్చింది. మేం చెప్పని మాట మా పేరు మీద రాసుకుంటివి."

"పుస్తకం చిరిగితే అడిగేది నన్నమ్మా!" సార్ గొంతు కూడా లేచింది. "మిమ్మల్ని ఎవడూ అడగడు. పిల్లలు వాటి మీద కూర్చుంటారు, వాటి మీద తింటారు. నేనేం చేయాలి?"

"చిరిగితే అంటియ్యాలె. మేకలు చేన్ల పడితే మేకల్ని అడగాలె. చదివే పిల్లలేం చేసిన్రు నీకు? మేమేం చేసినం?" అంటూ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతమంది ముందు ఏడుపొస్తున్నందుకు మరింత కోపం వచ్చింది. శాంతయ్య తల దించుకుని, చిరిగినవి తన కొడుకు చేత అంటింపజేస్తానని, గంజి తానే ఇస్తానని అన్నాడు.

 సార్ కలం తీసుకుని, ఆగకుండా అరపేజీ రాసి, రిజిస్టర్ ఆమె ముందుకు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"చదివి వినిపియ్యండి. వద్దు, మీరొద్దు. మా పిల్ల చదువుతది."

యాస్మిన్ ముందుకొచ్చింది. తల్లి నిజం చెప్పినప్పటి నుంచీ ఆ పిల్ల కళ్లార్పకుండా ఆమెనే చూస్తోంది. తప్పులు పట్టిన సాయంత్రాలన్నీ ఆ కళ్లలో ఒక్కొక్కటే తిరుగుతున్నట్టున్నాయి. కోపమో, జాలో, సుల్తానాబీకి అర్థం కాలేదు. యాస్మిన్ వరుసల కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. బడిలో ఉన్న కథల పుస్తకాలన్నీ పిల్లలు ఇంటికి తీసుకుపోవచ్చును. చిరిగినవి తల్లిదండ్రులు అంటించి ఇవ్వవలెను. ఆ తర్వాత గొంతు ఆగింది. ఆగి, మళ్లీ అందుకుంది. కావున గత తీర్మానం రద్దు చేయడమైనది.

"అంతేనా?" అంది సుల్తానాబీ.

"అంతే అమ్మీ."

"నీ వేలు ఒక వరుస మీద ఆనలేదు. ఈడికెల్లి ఈడికి దుంకింది. నేను చూసిన."

"అది నీకు అక్కర్లేదు అమ్మీ. ఉత్తదే."

"బేటీ." సుల్తానాబీ గొంతులో కసురు లేదు. అలసట ఉంది. "నాకు ఏది వినిపియ్యాల్నో, ఏది వద్దో నువ్వు ఎంచకు. సార్ మీకు గదే చేసిండు. నేను గూడ తెల్వక గదే చేసిన. ఇంక చాలు. ఉన్నదంత చదువు."

యాస్మిన్ సార్ వైపు చూసింది. సార్ మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల వేలు వెనక్కి వచ్చి, వదిలేసిన వరుస మీద ఆనింది.

"చైర్మన్ శ్రీమతి సుల్తానాబీ..." అని ఆగి, "నిరక్షరాస్యురాలు అయినందున, విషయము తెలియక సంతకము చేసియున్నారు."

"ఆ మాటేంది? నిరక్ష..."

"చదువు రానామె అని అమ్మీ." యాస్మిన్ కళ్లలోంచి నీళ్లు రిజిస్టర్ మీద పడబోతే, మోచేత్తో తుడుచుకుంది.

"నిజమే గద. దానికెందుకు దాచుడు? ఏదీ, యాడుందో చూపియ్యి."

యాస్మిన్ తల్లి చెయ్యి పట్టుకుంది. చూపుడువేలు తీసుకుని ఆ మాట మొదట్లో ఆనించి, మెల్లగా చివరిదాకా జరిపింది. వేలు అక్కడికి చేరడానికి కొంతసేపు పట్టింది. సుల్తానాబీ ఆ మాటను ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి చూసి, విసుగ్గా తలెత్తింది.

"చదువ రానోళ్లకు గింత పొడుగు పేరెందుకు పెట్టిన్రు సార్? మేమెట్ల చదువుకోవాలె దీన్ని?"

 సుల్తానాబీ కలం తీసుకోలేదు. "మళ్ల మొదటికెల్లి చదువు బేటీ, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టుకుంట" అంది. తల్లి చెయ్యి వదలకుండానే యాస్మిన్ పై వరుసకు జరిగి, మొదటి మాట మీద ఆమె వేలు పెట్టింది.